అంగారక గర్భమును వినుటకు సన్నాహము

ఆకాశమందలి చుక్కలను గూర్చి మానవుడు వేలయేండ్లుగా లెక్కలు కట్టుచున్నాడు. తాను నిలిచియున్న నేల లోపల ఏమున్నదో యంత్రములతో కనుగొన మొదలుపెట్టి మాత్రము నూటయేబది యేండ్లయినను కాలేదు. చుక్క ఎంత దూరముననున్నను దాని వెలుగు మన వద్దకు వచ్చును. నేల ఎంత దగ్గరనున్నను దాని లోపలినుండి వెలుగు రాదు. రష్యా దేశపు కోలా ద్వీపకల్పములో 1970వ సంవత్సరమున త్రవ్వనారంభించిన బావి 12,262 మీటర్ల లోతునకు పోయి అక్కడితో ఆగిపోయినది. మానవుడు త్రవ్విన బావులలో అంతకు మించిన నిలువులోతు గలది లేదు. భూమి వ్యాసార్ధము 6,371 కిలోమీటర్లు. ఆ లెక్కను మామిడిపండునకు అన్వయించి చూచినచో మనము ఇంకను తొక్కనైనను దాటలేదు.

కంటికి కానరానిది చెవికి వినబడవచ్చును. సంతలో కుండ కొనువారు దానిని వ్రేలితో తట్టి చూతురు. మంచి కుండ ఖంగుమని మ్రోగును. బీటవారిన కుండ బొంగురుగా పలుకును. కుండను పగులగొట్టకయే దాని గుణము తెలిసిపోవును. భూమిని ఇట్లు తట్టి చూపు చేయి భూకంపము. కంపము పుట్టినచోట బయలుదేరిన తరంగములు భూగర్భమున పడి పోవుచు, త్రోవలో తగిలిన రాతిని బట్టియు ద్రవమును బట్టియు వడి మార్చుకొని, వంగి, ప్రతిఫలించి, ఎక్కడనో పైకి తేలును. వానిని పట్టి గీతలుగా వ్రాయు యంత్రమే భూకంపమాపకము.

2018వ సంవత్సరమున ఇట్టి యంత్రము నొకదానిని అమెరికావారు అంగారక గ్రహము మీదికి పంపిరి. దానిని మోసికొనిపోయిన నౌక పేరు ‘ఇన్‌సైట్’. ఆ నౌక కనిపెట్టిన విషయములను చాలమంది పత్రికలలో చదివియుందురు. దానికై జరిగిన సన్నాహము ఎట్టిది, అది ఎక్కడ చెడినది, ఎట్లు బాగుపడినది అను కథ మాత్రము అంతగా ప్రచారములోనికి రాలేదు. ఆ యాత్రయొక్క జయము అంగారకుని మీద గాక ఈ భూమి మీదనే, అదియును బయలుదేరక మునుపే, నిర్ణయమైనదని నా అభిప్రాయము. ఈ ప్రసంగమునకు విషయము అదియే.

ఈ విద్య పెరిగిన తావులలో మన దేశము కూడ ఒకటి. 1889వ సంవత్సరము ఏప్రిల్ నెలలో జపానులో కలిగిన భూకంపము జర్మనీలోని పోట్స్‌డాములో ఎర్నెస్ట్ ఫాన్ రెబూర్ పాష్విట్జ్ అను శాస్త్రజ్ఞుని యంత్రమున నమోదయ్యెను. దూరదేశపు కంపము భూమిని దాటి రాగలదని అప్పుడు తేలినది. తరువాత 1897వ సంవత్సరము జూన్ 12వ తేదీన అస్సాము మహాభూకంపము సంభవించెను. షిల్లాంగులోని రాతికట్టడములు కూలిపోయెను. భారత భూగర్భ పరిశీలన శాఖలో ఉద్యోగియైన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ ఆ ఉత్పాతమును గూర్చి 1899లో విపులమైన నివేదిక ప్రకటించెను. ఐరోపాలోని యంత్రములు గీసిన గీతలను పరీక్షించి, ఒకే కంపము నుండి మూడు విధములైన తరంగములు మూడు వేళలలో వచ్చుచున్నవని ఆయన గుర్తించెను. మొదటివి రాతిని ముందుకు వెనుకకు నొక్కుచు వచ్చునవి. రెండవవి ప్రక్కలకు ఊపుచు వచ్చునవి. మూడవవి నేల పైపొరను పట్టుకొని పోవునవి. 1906లో ఆయనయే ఈ తరంగముల రాకను బట్టి భూమి నడుమ వేరొక పదార్థముతో గూడిన కేంద్రగోళము కలదని చూపెను. 1914లో బెనో గూటెన్‌బర్గ్ ఆ గోళపు అంచు సుమారు 2,900 కిలోమీటర్ల లోతున నున్నదని లెక్కగట్టెను. 1936లో డెన్మార్కు దేశపు విదుషి ఇంగె లేమన్ ఆ గోళములో మరియొక గోళమున్నదని కనుగొనెను. అస్సాము కొండలలో వేలమంది గృహములను కూల్చిన కంపము, భూమియొక్క అంతఃపురమునకు త్రోవ చూపిన దీపములలో ఒకటి యయ్యెను.

భూమి పిదప వంతు చంద్రునిది. 1969 మొదలుకొని అపొల్లో యాత్రికులు చంద్రుని నేలమీద కంపమాపకములను అమర్చిరి. వానిలో నాలుగు కలిసి ఒక వలగా ఏర్పడి 1977వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీ వరకు వినుచుండెను. మనుష్యులు తమ చేతులతో పెట్టి, సరిచూచి వచ్చిన యంత్రములవి. అంగారకుని విషయమున అట్టి సౌకర్యము లేదు.

అంగారకునికే ఇంత ప్రయాసమేల యని అడుగవచ్చును. మన పెద్దలు ఆ గ్రహమునకు కుజుడనియు భౌముడనియు పేర్లు పెట్టిరి. భూమికి పుట్టినవాడని ఆ పేర్ల కర్థము. విజ్ఞానశాస్త్రము ప్రకారము అతడు భూమికి బిడ్డ కాడు. సూర్యుని చుట్టు తిరిగిన అదే ధూళినుండి పుట్టిన సోదరుడు. అయినను ఆ పేరులో ఒక సొగసున్నది. బిడ్డ ముఖమున తల్లి బాల్యము కనిపించినట్లు, అంగారకుని గర్భమున భూమియొక్క బాల్యము దాగియున్నది. భూమి లోపలి వేడిమి వలన పైనున్న మహాఫలకములు కదలుచు, ఒకదాని క్రింద ఒకటి దూరుచు, తొలినాటి గురుతులను చాలవరకు చెరపివేసినవి. అంగారకుడు చిన్నవాడు. అతని వ్యాసార్ధము 3,390 కిలోమీటర్లు మాత్రమే. త్వరగా చల్లారుటవలన అతని లోపలి పొరలు తొలినాళ్లలో ఏర్పడిన తీరుననే చాలవరకు నిలిచియున్నవి. రాతిగ్రహము ఎట్లు పుట్టి, ఎట్లు పొరలు పొరలుగా విడివడునో తెలిసికొనవలెనన్నచో అట్టి చోటనే వెదకవలెను.

మొదటి ప్రయత్నము 1976లో జరిగినది. ఆ యేడు జూలై 20వ తేదీన వైకింగ్ 1, సెప్టెంబరు 3వ తేదీన వైకింగ్ 2 అంగారకునిపై దిగెను. రెండింటను కంపమాపకములుండెను. ప్రయాణములో చెడకుండుటకై బిగించియుంచిన మొదటి యంత్రపు కట్టు దిగిన తరువాత విడివడలేదు. అది మూగవోయినది. రెండవది పనిచేసినది, కాని దానిని నేలమీద గాక నౌక వీపుమీదనే అమర్చిరి. గాలి వీచినప్పుడెల్ల నౌక ఊగును. నౌకతో పాటు యంత్రమును ఊగును. అది వ్రాసిన గీతలు చాలవరకు గాలికథలే. ఒక్క కదలిక మాత్రము నిజమైన కంపమై యుండవచ్చునని కొందరు తలచిరి. అదియును రూఢి కాలేదు. పడవ పైకప్పు మీద కూర్చుండి నదిలోపలి చప్పుడు వినదలచినవాని పాటు వంటిది ఈ పాటు. ఈ ఓటమి నుండి శాస్త్రజ్ఞులు ఒక పాఠము నేర్చుకొనిరి. చెవిని నేలకు ఆనించవలెను; దానిమీద గాలి తగులకుండ గొడుగు పట్టవలెను.

పాఠము తెలిసినను అవకాశము దొరకలేదు. రష్యావారి ‘మార్స్ 96’ నౌక రెండు చిన్న స్థావరములలో కంపమాపకములను మోసికొని 1996వ సంవత్సరము నవంబరు 16వ తేదీన బయలుదేరి, భూమి పట్టును వీడజాలక తిరిగి భూమి మీదనే కూలిపోయెను. ఫ్రాన్సు దేశమువారు పూనుకొన్న ‘నెట్‌లాండర్’ అను పథకము 2003లో రద్దయ్యెను. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో బ్రూస్ బానర్ట్, పారిస్ భూభౌతికశాస్త్ర సంస్థలో ఫిలిప్ లోన్యోనే, ఈ ఆశను విడువక దశాబ్దముల తరబడి పథకములు వ్రాయుచునే యుండిరి. 2010లో తక్కువ వ్యయపు గ్రహయాత్రలకై నాసా సంస్థ పిలుపునీయగా 28 పథకములు పోటీకి వచ్చెను. వానిలో మూడు మిగిలెను. 2012వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆ మూడింటినుండి బానర్ట్ బృందపు పథకము ఎన్నికయ్యెను. మొదటి వైకింగు దిగిన నాటినుండి లెక్కించినచో ముప్పదియారు సంవత్సరములు గడచినవి.

తక్కువ వ్యయముతో ముగింపవలెను గనుక నౌకకు క్రొత్త ఆకృతిని కల్పింపలేదు. 2008లో అంగారకుని ఉత్తరప్రాంతమున క్షేమముగా దిగిన ‘ఫీనిక్స్’ నౌక ఆకృతినే తీసికొని అవసరమైన మార్పులు చేసిరి. మూడు కాళ్లు, రెండు సౌరఫలకములు, ఒక పొడవైన యంత్రహస్తము. దీనికి చక్రములు లేవు. దిగినచోటనే కూర్చుండి వినుట దీని పని.

సాధనములు ముఖ్యముగా మూడు. మొదటిది ఫ్రాన్సు అంతరిక్ష సంస్థ ఆధ్వర్యమున సిద్ధమైన కంపమాపకము. రెండవది జర్మనీవారి ఉష్ణమాపకము. తనంతట తాను సుత్తివేటులతో అయిదు మీటర్ల లోతునకు దిగి, లోపలినుండి పైకి వచ్చు వేడిమిని కొలుచుటకు ఉద్దేశించినది. మూడవది రేడియో సాధనము. నౌకనుండి వచ్చు రేడియో తరంగముల పౌనఃపున్యములో కలుగు అతిసూక్ష్మమైన మార్పులనుబట్టి గ్రహము తన అక్షముపై ఎట్లు తూలుచున్నదో ఇది కనిపెట్టును. పచ్చి కోడిగ్రుడ్డును, ఉడికిన గ్రుడ్డును బల్లపై త్రిప్పి చూచినచో ఏది పచ్చిదో తెలియును గదా! గ్రహగర్భము ద్రవమా ఘనమా అని తేల్చుటకును ఉపాయమిట్టిదే.

దిగుచోటును ఎన్నుకొనుట వేరొక పెద్ద పని. సాధారణముగా అంగారక యాత్రికులు వింతలున్నచోటికి పోదురు. లోయలు, ఎండిన నదులు, పొరలుగల కొండలు వారికి ప్రీతి. ఇన్‌సైట్ వారికి వింతలు లేని చోటే కావలెను. సూర్యరశ్మి యేడాది పొడుగున దొరకునట్లు భూమధ్యరేఖవంటి నడిమిరేఖకు దగ్గరగా నుండవలెను. గొడుగు వంటి పారాచూటు పట్టుటకు వలసినంత గాలి ఉండునట్లు పల్లముగా నుండవలెను. పెద్ద రాళ్లు, ఏటవాలు ఉండరాదు. సుత్తిసాధనము దిగుటకు నేల మెత్తగా నుండవలెను. ఇరువదిరెండు చోట్లను పరిశీలించి, 2013లో నాలుగింటికి తగ్గించి, తుదకు ఎలీసియం మైదానమును ఎన్నుకొనిరి. అచటనైనను నౌక ఖచ్చితముగా ఎక్కడ దిగునో ఎవరును చెప్పజాలరు. సుమారు 130 కిలోమీటర్ల పొడవు, 27 కిలోమీటర్ల వెడల్పు గల అండాకారపు ప్రదేశములో ఎక్కడనైనను దిగవచ్చును. అందుచేత ఆ ప్రదేశమంతయు ఆకాశమునుండి తీసిన చిత్రములతో జల్లెడపట్టిరి.

ఇక కంపమాపకము సంగతి. హైడ్రోజన్ పరమాణువు వ్యాసార్ధములో సగమైనను లేని కదలికను ఇది పసిగట్టవలెను. ఇంత సున్నితమైన చెవిని భూమిమీద పరీక్షించుటయే కష్టము. సముద్రపు అలల హోరు భూమియంతటను నిరంతరము వణకుగా వ్యాపించియుండును. రైళ్లు, బండ్లు, కర్మాగారములు చేయు కలకలము వేరు. అంగారకునిపై సముద్రము లేదు, సంతలు లేవు. అక్కడి ప్రశాంతత ఇక్కడ ఏ ప్రయోగశాలయందును దొరకదు. మరియు అంగారకుని ఆకర్షణశక్తి మనదానిలో మూడవ వంతుకు కొంచెము మించినది మాత్రమే. అచటి బరువునకు సరితూగునట్లు అమర్చిన లోలకము ఇచట నిటారుగా నిలువజాలదు.

ఆ లోలకములు మూడు. వానికి గాలి తగులరాదు. ఎంత పలుచని గాలియైనను వాని చలనమును అడ్డగించి, చిన్న చప్పుళ్లను మింగివేయును. అందుచేత మూడింటిని టైటానియము లోహపు గోళములో నుంచి, లోపలి గాలినంతయు తోడివేసి, శూన్యముగా మూసివేయవలెను. కాని లోపలి యంత్రమునకు విద్యుత్తును అందించు తీగలు, అది వినిన వార్తలను బయటికి తెచ్చు తీగలు ఆ గోళపు గోడను దాటి పోవలెను గదా! ఆ తీగలు దూరు రంధ్రముల వద్దనే అసలు చిక్కు వచ్చినది.

నౌక 2016వ సంవత్సరము మార్చి నెలలో బయలుదేరవలసియుండెను. అంగారకుడును భూమియు అనుకూలమైన స్థానములకు సుమారు 26 నెలల కొకసారి మాత్రమే వచ్చును. ఆ ముహూర్తము తప్పినచో రెండేండ్లకు పైగా ఆగవలసినదే. 2015వ సంవత్సరము ఆగస్టులో గోళమునుండి గాలి చొరబడుచున్నట్లు కనిపించెను. బాగుచేసిరి. మరల బయటపడెను, మరల బాగుచేసిరి. డిసెంబరు నెల మధ్యనాటికి నౌక కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ ప్రయోగకేంద్రమునకు చేరి ఎదురుచూచుచుండెను. కంపమాపకము మాత్రము ఇంకను ఫ్రాన్సులోనే ఉండెను. అచట మైనస్ 45 డిగ్రీల చలిలో తుదిపరీక్ష జరుపగా శూన్యము నిలువలేదు. వెండ్రుకకన్న సన్ననిదైన దారి ఎక్కడనో మిగిలియున్నది.

ఇక నిర్ణయము చేయవలెను. నౌక సిద్ధముగా నున్నది. రాకెట్టు నిర్ణయమైనది. ప్రజాధనము కోట్ల డాలర్లు వ్యయమైనది. తక్కిన రెండు సాధనములు బాగుగనే యున్నవి. కారుచున్న గోళముతోనే పంపినచో ముహూర్తము దక్కును, అపకీర్తి తాత్కాలికముగా తప్పును. కాని యాత్రకు ప్రాణమైన సాధనము చెవిటిదై పోవచ్చును. పంపకుండినచో వ్యయము పెరుగును. అసలు పథకమే రద్దు కావచ్చును. అంతటితో ముప్పదియేండ్ల ఆశ అడుగంటును. 2015వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన నాసావారు ప్రయాణము నిలిపివేసినట్లు ప్రకటించిరి. నౌకను మరల కొలరాడో రాష్ట్రమునకు, తయారైన చోటికే, త్రిప్పి పంపిరి.

తరువాతి పదునొకండు వారములు ఆ బృందమునకు కఠినపరీక్ష. రద్దు చేయుటయా, కొనసాగించుటయా అను విమర్శ నడచినది. 2016వ సంవత్సరము మార్చి 9వ తేదీన, 2018 మే నెలలో మరల ప్రయత్నింపవచ్చునని అనుమతి లభించినది. మొదట 67 కోట్ల 50 లక్షల డాలర్లుగా నిర్ణయించిన వ్యయము మీద 15 కోట్ల 38 లక్షలు పెరిగెను. గోళమును, తీగలు దూరు మార్గములను క్రొత్తగా నిర్మించు బాధ్యతను జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వహించెను. యంత్రమును కూర్చి పరీక్షించు పని ఫ్రాన్సువారిది. తప్పు ఎవరిదను వాదముతో కాలము గడపక, రెండు దేశములవారును పని పంచుకొనిరి. ఓడిన ముహూర్తమును ఇట్లు గెలుపుగా మార్చుకొనుట లోకములో తరచుగా జరుగునది కాదు. ఏ పనియందైనను బయలుదేరుటకు ధైర్యము వలయును. అంతయు సిద్ధమైన పిదప ఆగిపోవుటకు అంతకు మించిన ధైర్యము వలయును.

2018వ సంవత్సరము మే 5వ తేదీన, ఇంకను తెల్లవారక మునుపే, దట్టమైన పొగమంచులో ‘అట్లాస్’ రాకెట్టు ఇన్‌సైట్‌ను మోసికొని లేచెను. అమెరికా పశ్చిమతీరమునుండి గ్రహాంతరయాత్రకు బయలుదేరిన మొదటి నౌక అదియే. ఇరువదినాలుగు లక్షల మంది పేర్లను సూక్ష్మముగా చెక్కిన రెండు చిన్న బిళ్లలు దానిలో నుండెను. వారిలో మన దేశీయులు లక్షా ముప్పదియెనిమిది వేలకు పైబడియుండిరి. అమెరికా, చైనాల తరువాత మనదే పెద్ద సంఖ్య.

48 కోట్ల 50 లక్షల కిలోమీటర్లు ప్రయాణము చేసి, నవంబరు 26వ తేదీన నౌక అంగారకుని వాయుమండలమున ప్రవేశించెను. అప్పుడు దాని వేగము గంటకు 19,800 కిలోమీటర్లు. ఏడు నిమిషములలోపల ఆ వేగమంతయు హరించి, మనిషి పరుగువంటి వేగముతో నేలను తాకవలెను. రేడియో వార్త భూమిని చేరుటకే ఎనిమిది నిమిషములు పట్టును గనుక ఇక్కడినుండి చేయగలిగినదేమియు లేదు. ముందుగా నేర్పిన పాఠమును నౌక తనంతట తాను అప్పజెప్పవలెను. అది తప్పులేకుండ అప్పజెప్పినది. ఇసుక నిండిన ఒక నిస్సారమైన పల్లములో, సుమారు నాలుగు డిగ్రీల వాలుతో, అది కూర్చున్నది.

దిగగానే పని మొదలుపెట్టలేదు. కాలిఫోర్నియాలోని ప్రయోగశాలలో ఇన్‌సైట్‌కు ఒక జంటయంత్రమున్నది. నౌక పంపిన చిత్రములను బట్టి అచటి నేల ఎత్తుపల్లములను ఇసుకవంటి పొడితో ప్రయోగశాలలో అచ్చుగా దిద్దిరి. యంత్రహస్తము చేయవలసిన ప్రతి కదలికను మొదట ఇచట అభ్యసించి, పిదప అచటికి ఆజ్ఞ పంపిరి. నాటకము ఆడబోవు సమాజమువారు రంగమునకు సరియైన కొలతలు గీచికొని అభ్యాసము చేసినట్లే ఇదియును. డిసెంబరు 19వ తేదీన కంపమాపకమును ఎత్తి నేలపై ఉంచిరి. మరియొక గ్రహముపై యంత్రహస్తముతో అట్టి సాధనమును నేలమీద పెట్టుట అదియే మొదలు. 2019వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన గాలి, ఎండ, చలి తగులకుండ దానిపై గుమ్మటమువంటి మూత బోర్లించిరి. మూత అంచున గొలుసులతో అల్లిన బరువైన కుచ్చును వ్రేలాడదీసిరి. నేల ఎగుడుదిగుడుగా నున్నను సందులేకుండ అది కప్పును. వైకింగు నేర్పిన పాఠము నలుబదిరెండేండ్లకు ఇట్లు ఫలించినది.

ఎంత సన్నాహమైనను అన్నిటిని ముందుగా ఎరుగదు. ఉష్ణమాపకపు గతి దీనికి సాక్ష్యము. దాదాపు 40 సెంటీమీటర్ల పొడవు గల ఆ మేకు, దొర్లి చుట్టు పట్టుకొను వదులైన ఇసుకకై తయారైనది. ప్రతి వేటుకును మేకు వెనుకకు ఎగురకుండ ఇసుక దానిని పట్టియుంచవలెను. అచటి మట్టి గడ్డకట్టునది. మేకు చుట్టు గుంట ఏర్పడెనే గాని పట్టు దొరకలేదు. 2019వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మొదలైన ప్రయత్నము దాదాపు రెండేండ్లు సాగెను. యంత్రహస్తపు చేటతో మేకును ప్రక్కనుండి నొక్కిరి, పైనుండి అదిమిరి, మట్టి కప్పిరి. తుదకు మేకు తల నేలకు రెండు మూడు సెంటీమీటర్ల దిగువకు చేరినది. అంతకు మించి కదలలేదు. 2021 జనవరిలో ఆ ప్రయత్నము విరమించిరి. భూమిమీద ఎంతకాలము పరీక్షించినను, అచటి పిడికెడు మట్టి మన చేతికి రాక మునుపు దాని గుణము మనకు పూర్తిగా తెలియదు. అయినను ఆ పోరాటమువలన అంగారకుని మట్టి ఎట్టిదో కొంత తెలిసినది.

కంపమాపకము మాత్రము ఆశించినదానికంటె మిన్నగా పనిచేసినది. 2019 ఏప్రిల్ 6వ తేదీన మొదటి కుజకంపమును వినెను. మొత్తము 1,300లకు పైగా కంపములను నమోదు చేసెను. ఒకేచోట నున్న ఒక్క యంత్రము కంపస్థానమును ఎట్లు చెప్పగలదను సందేహము కలుగవచ్చును. ఓల్డ్‌హామ్ గుర్తించిన మొదటి, రెండవ తరంగముల రాకలోని వ్యవధి దూరమును చెప్పును. మొదటి తరంగము నేలను ఏ దిక్కునకు ఊపినదో అది దిశను చెప్పును. స్థానము తెలిసిన కంపములలో చాలభాగము సెర్బెరస్ ఫోసే అను పగుళ్ల ప్రాంతమునుండి వచ్చినవి. 2021లో కేంద్రగోళపు అంచున ప్రతిఫలించి వచ్చిన తరంగములను బట్టి, ఆ గోళము ద్రవరూపమున నున్నదనియు, వ్యాసార్ధము సుమారు 1,830 కిలోమీటర్లనియు లెక్కగట్టిరి. ఆ యేడు డిసెంబరు 24వ తేదీన ఒక ఉల్క పడి సుమారు 150 మీటర్ల గొయ్యి చేసెను. యంత్రము ఆ దెబ్బ వినెను. ఆకాశమున తిరుగు నౌక ఆ గొయ్యిని చిత్రించెను. గొయ్యి చుట్టు మంచుగడ్డలు చెదరియుండెను. 2023లో శాస్త్రజ్ఞులు పాత లెక్కను సవరించిరి. కేంద్రగోళము చుట్టు సుమారు 150 కిలోమీటర్ల మందమున కరిగిన రాతిపొర యున్నదనియు, అసలు గోళపు వ్యాసార్ధము 1,650 కిలోమీటర్ల ప్రాంతమనియు తేల్చిరి. యంత్రము మూగవోయిన తరువాత కూడ అది వ్రాసియిచ్చిన గీతలనుండి క్రొత్త విషయములు వెలువడుచుండుట గమనింపదగినది.

ఏలయన అప్పటికి యంత్రము మూగవోయినది. సౌరఫలకముల మీద ధూళి పేరుకొనుచుండెను. ఒక ఉపాయము చేసిరి. యంత్రహస్తముతో ఇసుకను ఫలకము ప్రక్కన జారవిడిచిరి. గాలికి కొట్టుకొనిపోవు ముతక ఇసుక ఫలకమును రాచుకొనుచు సన్నని ధూళిని కొంత ఊడ్చుకొనిపోయెను. ఇంటి ఇల్లాలు అంట్లను ఇసుకతో తోమినట్లున్నది గదా ఈ ఉపాయము! అయినను దినదినమునకు శక్తి క్షీణించెను. 2022వ సంవత్సరము మే 4వ తేదీన, అనగా బలహీనపడిన దశలో, 4.7 తీవ్రత గల కంపము వచ్చెను. అది విన్నవానిలో అన్నిటికంటె పెద్దది. జూన్ చివరికి కంపమాపకమును ఆపి, మిగిలిన శక్తితో నౌకను మరికొంతకాలము బ్రదికింపవలెనని మొదట తలచిరి. పిదప ఆ ఆలోచనను మార్చుకొనిరి. నౌక ఆయువు తగ్గినను సరే, వినుట మాత్రము మానరాదని నిశ్చయించిరి. రెండేండ్లకని పంపిన నౌక నాలుగేండ్లు పనిచేసి, 2022వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన చివరిసారి పలికెను. రెండు పర్యాయములు పిలిచినను బదులు రాకపోగా, డిసెంబరు 21వ తేదీన యాత్ర ముగిసినట్లు ప్రకటించిరి.

మరుసటి యేడు, 2023 ఆగస్టు 23వ తేదీన, శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్ 3 నౌకలోని ‘విక్రమ్’ చంద్రుని దక్షిణధ్రువ సమీపమున దిగి, తనతో తెచ్చిన కంపమాపకమును చంద్రుని నేలపై ఉంచెను. 1897లో అస్సాము కంపించినప్పుడు ఆ గీతలు గీచిన యంత్రములు ఐరోపాలో నుండెను. నేడు మన దేశమువారు తయారుచేసిన యంత్రము చంద్రునిపై నేలకు చెవి యొగ్గి వినినది. ఆ విద్యలో మనము వినిపించుకొనువారమే గాక వినువారము కూడ నైతిమి.

ఇన్‌సైట్ కథలో మనకు పనికివచ్చునది ఒక్కటే కలదు. గ్రహగర్భమునుండి వచ్చు సన్నని మాటను వినగోరినవాడు ముందుగా తన చప్పుడును అణచుకొనవలెను. గాలిని తోడివేయవలెను, మూత వేయవలెను, చెవిని నేలకు ఆనించవలెను. ఆ గోళములో సందున్నదని తెలిసియు, కాలము మించిపోవుచున్నదని తొందరపడి పంపియున్నచో, నేడు అంగారకుని కేంద్రగోళమును గూర్చి మనకు ఊహలే గాని కొలతలుండెడివి కావు. 2016లో బయలుదేరని నౌకయే 2018లో బయలుదేరి వినగలిగినది. ఇప్పుడది ఎలీసియం మైదానములో ధూళి కప్పుకొని నిశ్శబ్దముగా నున్నది. అది పంపిన గీతలు మాత్రము భూమిపై ఇంకను చదువబడుచున్నవి.